చిన్న స్టేక్స్ ఒమాహాలో డ్రా మిస్సయ్యాక బ్లఫ్ కొట్టాలా, వదిలెయ్యాలా

అన్నా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు. నీ చెయ్యి చదివాక ముందు నవ్వొచ్చింది, ఎందుకంటే పీఎల్ఓ (పాట్ లిమిట్ ఒమాహా: చేతిలో 4 ముక్కలు, వాటిలో సరిగ్గా రెండు, బోర్డు మీదవి మూడు కలిపి చెయ్యి కట్టే పోకర్) మొదలెట్టిన కొత్తలో ఇదే చెయ్యి ఇదే తప్పు నేను ఎన్నిసార్లు చేశానో లెక్కే లేదు. చదివే మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా, నువ్వు చెప్పింది ఒకసారి తిరిగి చెప్తా. నువ్వు బటన్ మీద (అందరికంటే చివర మాట్లాడే సీటు) ఉన్నావు, చేతిలో ఇస్పేటు జాక్, ఇస్పేటు 10, డైమండ్ 7, కళావరు 6. మూడున్నర బిగ్ బ్లైండ్లకి (బిగ్ బ్లైండ్ అంటే ఆట మొదలవ్వకముందే ఒకడు తప్పనిసరిగా పెట్టే పందెం, లెక్కంతా దాంతోనే) రైజ్ చేశావు, బిగ్ బ్లైండ్‌వాడు ఒక్కడే కాల్ చేశాడు, ఇద్దరి దగ్గరా 100 బిగ్ బ్లైండ్లు. ఫ్లాప్ (బోర్డు మీద అందరికీ తెరిచే మొదటి మూడు ముక్కలు) ఇస్పేటు 9, కళావరు 8, ఇస్పేటు 2. పాట్ కొట్టావు (అప్పటిదాకా మధ్యలో పోగైనంత బెట్), కాల్. టర్న్ (నాలుగో ముక్క) ఆటీన్ కింగ్, మళ్ళీ పాట్, మళ్ళీ కాల్. రివర్ (ఐదోది, చివరి ముక్క) డైమండ్ 2. ఏమీ తగల్లేదు, మిగిలినదంతా తోసేశావు, వాడు కింగ్-9 రెండు పెయిర్లతో కాల్ చేసి పాట్ లాక్కుపోయాడు. "అన్నేసి అవుట్స్ ఉన్న డ్రాతో రెండు స్ట్రీట్లు కొట్టి రివర్‌లో ఆపేస్తే అదంతా వేస్టే కదా, మరి ఎప్పుడు కొట్టాలి ఎప్పుడు ఆపాలి" అని అడిగావు. (డ్రా అంటే ఇంకో ముక్క పడితే పూర్తయ్యే చెయ్యి, అవుట్స్ అంటే దాన్ని పూర్తి చేసే ముక్కలు, స్ట్రీట్ అంటే ఒక్కో బెట్టింగ్ రౌండ్.)

ఫ్లాప్, టర్న్ మీద నువ్వు చేసిందాన్లో నాకు తప్పేం కనపడట్లేదు. క్వీన్, జాక్, 10, 7, 6, 5 ఏది వచ్చినా స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు), అంటే 20 ముక్కల ర్యాప్ (చాలా ముక్కలతో పూర్తయ్యే పెద్ద స్ట్రెయిట్ డ్రా), దానికి తోడు ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు) చేసే వేరే ఇస్పేట్లు ఇంకో 5, మొత్తం 25. అన్నీ నట్స్ (ఆ బోర్డుకి అన్నిటికంటే పెద్ద చెయ్యి) కావులే, నీ ఫ్లష్ జాక్ హైయే, 8 ఇస్పేటు వస్తే బోర్డు కూడా పెయిర్ అవుతుంది, అయినా టర్న్ మీద కనపడని 44 ముక్కల్లో 25 నీకు పనికొస్తున్నాయంటే కొట్టాల్సిందే. ఇంత పెద్ద డ్రా కూడా ఫ్లాప్ నుంచి రివర్ దాకా దాదాపు 5 సార్లలో ఒకసారి పూర్తిగా మిస్సవుతుంది, ఉత్త 20 ముక్కల ర్యాప్ అయితే 10లో 3 సార్లు, ఉత్త ఫ్లష్ డ్రా అయితే 64 శాతం. అంటే మిస్సవడం అనేది నీ దురదృష్టం కాదు, రోజూ జరిగేదే, దానికి కోపం తెచ్చుకుని బెట్ కొట్టకూడదు. "ఇప్పటిదాకా పెట్టింది వేస్ట్" అనే ఆలోచన మొదటి శత్రువు. పాట్‌లో పడ్డాక అది నీ డబ్బు కాదు, ఎవరిదో ఇంకా తేలని డబ్బు, అంతే.

సరే రివర్‌కి వద్దాం. పాట్ 67న్నర, నీ దగ్గర మిగిలింది 66న్నర, అంటే దాదాపు ఒక పాట్. (100 బిగ్ బ్లైండ్లతో ఒకసారి రైజ్ అయిన పాట్‌లో మూడుసార్లు పాట్ కొడితే స్టాక్ (మన దగ్గరున్న మొత్తం) ఇంచుమించు ఇలాగే సరిపోతుంది, ప్రతి పాట్ బెట్‌కీ కాల్ వస్తే పాట్ మూడింతలు అవుతుంది కాబట్టి.) పాట్ బ్లఫ్ లాభనష్టం లేకుండా ఉండాలన్నా సగం సార్లు వాడు మడవాలి (చెయ్యి వదిలెయ్యాలి). సగం పాట్ కొడితే మూడింట ఒకసారి మడిస్తే చాలు, మూడో వంతు పాట్ కొడితే నాలుగింట ఒకసారి చాలు. ఈ లెక్కలు అందరికీ తెలుసు, నీకూ తెలిసే ఉంటాయి. తెలియనిదల్లా ఆ సగం సార్లు మడిచే చేతులు వాడి దగ్గర అసలు ఉన్నాయా అన్నది.

ఇక్కడే అందరం బోల్తా పడతాం. వాడు రివర్‌లో వెంటనే మడిచే చేతులు ఏవి? వాడి మిస్సయిన డ్రాలే కదా. ఇస్పేటు ఫ్లష్ డ్రా, జాక్-10 ఉన్నవి, 7-6 ఉన్నవి, 10-7 ఉన్నవి. మరి ఆ ముక్కలన్నీ ఎక్కడున్నాయి? నీ చేతిలో! జాక్ నీ దగ్గర, 10 నీ దగ్గర, 7, 6 నీ దగ్గర, రెండు ఇస్పేట్లు నీ దగ్గర. నువ్వు మడవాలని కోరుకుంటున్న చేతుల్ని నువ్వే పట్టుకుని కూర్చున్నావు, మరి వాడి దగ్గర మిగిలేవి ఏంటి, సెట్లు (చేతిలో జత, బోర్డు మీద అదే ముక్క మూడోది), రెండు పెయిర్లు, ఏస్-ఏస్‌కి ఏదో తోడు, అంటే కాల్ చేసే చేతులే. ఫ్లష్ డ్రా ఒక్కదానికే లెక్క వేసి చూపిస్తా. రివర్ దాకా బోర్డు మీద రెండే ఇస్పేట్లు ఉన్నప్పుడు, నీ చేతిలో ఇస్పేటు ఒక్కటి కూడా లేకపోతే ఎదుటివాడి ఏవో 4 ముక్కల్లో కనీసం రెండు ఇస్పేట్లు ఉండే అవకాశం 27 శాతం దాకా ఉంటుంది. నీ చేతిలో రెండు ఇస్పేట్లు ఉంటే అదే 19 శాతానికి పడిపోతుంది. ఇది ఎలాంటి ముక్కలైనా సరే అనుకుని వేసిన లెక్క, ఫ్లాప్‌లో పాట్ బెట్‌కి కాల్ చేసినవాడి దగ్గర డ్రాలు ఇంకా ఎక్కువే ఉంటాయి, కానీ నీ ఇస్పేట్ల వల్ల అవి తగ్గే వైపు మాత్రం మారదు. దీనికి తోడు స్ట్రెయిట్ డ్రాల్ని కూడా నువ్వే ఆపేశావు.

అందుకే వినడానికి వింతగా ఉన్నా, "డ్రా మిస్సయ్యింది కాబట్టి బ్లఫ్ కొడతా" అనే చెయ్యే చాలాసార్లు బ్లఫ్‌కి అన్నిటికంటే చెత్త చెయ్యి. ఎంత పెద్ద ర్యాప్ అయితే అంత చెత్త. నువ్వు మిస్సయ్యావా అన్నది ఆ బెట్‌కి సంబంధమే లేని సంగతి, వాడు మిస్సయ్యాడా, లేదా వాడి దగ్గరున్నది ఈ రివర్‌తో పాడైందా, అదే ప్రశ్న.

ఇంకో విషయం, నీ బోర్డు చూడు. 9, 8, 2, కింగ్, 2. ఫ్లష్ లేదు, స్ట్రెయిట్ సాధ్యమే కాదు. నువ్వు చెప్పాలనుకున్న కథ ఏంటి మరి? సెట్ ఉండి ఫుల్ హౌస్ (మూడు ఒకే రకం, రెండు ఇంకో రకం) అయ్యిందనేనా? అది ఒక్కటే కథ, అదీ కొన్ని ముక్కలకే సరిపోయే కథ. ఇంకో 2 పడి బోర్డు పెయిర్ అయ్యిందని వాడికేం భయం, ఫ్లాప్ నుంచి నువ్వు డ్రాతో ఉన్నావనే వాడి అనుమానం, రివర్ ఏ డ్రానీ పూర్తి చెయ్యలేదు. చిన్న స్టేక్స్‌లో సగం మందికి అంత ఆలోచన కూడా ఉండదు, "రెండు పెయిర్లు ఉన్నాయి, చూద్దాం" అంతే. ఒకసారి నేను మూడు స్ట్రీట్లూ కొట్టి పాట్‌లో అంతా పెట్టాక ఎదుటాయన ఉత్త 9-8 తో కాల్ చేసి, నేను మొహం మాడ్చుకుని చూస్తుంటే "అబ్బే, ఏముందో చూద్దామని" అన్నాడు. ఆయన దగ్గర నా కథ వినే ఉద్దేశమే లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే అదే. ఆ రోజు తప్పు ఆయనది అనుకుని తిట్టుకుంటూ ఇంటికెళ్ళా, తప్పు ఆయనది కాదని ఒప్పుకోడానికి నాకు చాలా నెలలు పట్టింది.

ఇప్పుడు దీనికి సరిగ్గా పక్కన పెట్టి చూడాల్సిన నా చెయ్యి ఒకటి చెప్తా, ఎందుకంటే అందులో కూడా ఎదుటివాడి దగ్గర ఉన్నది కింగ్-9 రెండు పెయిర్లే. నేను బటన్, ఆటీన్ ఏస్, కళావరు క్వీన్, కళావరు జాక్, డైమండ్ 10. ఫ్లాప్ ఆటీన్ 9, ఆటీన్ 8, కళావరు 3. క్వీన్, జాక్, 10 ఒక్కోటి మూడేసి, 7 నాలుగు, మొత్తం 13 ముక్కల ర్యాప్, ఏది వచ్చినా అప్పటికి పెద్ద స్ట్రెయిట్ నాదే. ఏడున్నర పాట్‌లో 5 కొట్టా, కాల్. టర్న్ ఇస్పేటు కింగ్, 12 కొట్టా, కాల్. రివర్ ఆటీన్ 4. మూడో ఆటీన్ పడింది, నా చేతిలో ఒక పెయిర్ కూడా లేదు, ఏస్ హై. వాడు చెక్ చేశాడు. పాట్ 41న్నర, నేను 40 కొట్టా. వాడు చాలాసేపు ఆలోచించి, కింగ్-9 చూపించి మడిచేశాడు, "ఫ్లష్ వచ్చింది కదా" అని గొణుక్కుంటూ.

అదే కింగ్-9. నీ దగ్గర కాల్ చేసింది, నా దగ్గర మడిచింది. నా ధైర్యం ఎక్కువా అంటే కాదు, నీ చేతికంటే నా చెయ్యి గొప్పదా అంటే అదీ కాదు, ఆటీన్ 4 పడింది అంతే. రివర్ వాడి చేతిని పాడుచేసింది, ఫ్లాప్ నుంచి నేను కొట్టిన బెట్లు ఫ్లష్ డ్రావాడి బెట్లలాగే ఉన్నాయి, కథ అతికింది. పైగా ఆటీన్ ఏస్ నా దగ్గరుంది కాబట్టి నట్ ఫ్లష్ వాడి దగ్గర ఉండే ఛాన్సే లేదు, బోర్డు పెయిర్ కాలేదు కాబట్టి ఫుల్ హౌస్ కూడా లేదు. ఇంకోటి గమనించు, నా చేతిలో ఆటీన్ ఒక్క ఏస్ తప్ప లేదు, నేను మిస్సయ్యింది స్ట్రెయిట్, చెప్పిన కథ ఫ్లష్‌ది. మిస్సయిన డ్రా ఒకటి, చెప్పే కథ ఇంకోటి, ఇలా ఉన్నప్పుడే డ్రా మిస్సయ్యాక బ్లఫ్‌కి అర్థం ఉంటుంది అని నా అభిప్రాయం. ఒక్క డ్రానే పట్టుకుని కూర్చుని అది రాకపోతే నీ దగ్గర చెప్పడానికి కథే మిగలదు.

అయితే ఏస్ బ్లాకర్ (ఏస్ నీ దగ్గరుండి వాడికి నట్ ఫ్లష్ లేకుండా చెయ్యడం) గురించి వీడియోల్లో చెప్పేదంతా నమ్మి చిన్న స్టేక్స్‌లో ప్రతిసారీ పాట్ నొక్కకు. పెద్ద ఆటల్లో కింగ్ ఫ్లష్ ఉన్నవాడు కూడా ఏస్ ఎవరి దగ్గరుందా అని తల పట్టుకుంటాడు, మన ఆటలో కింగ్ ఫ్లష్ కాదు, 6-5 ఫ్లష్ ఉన్నవాడు కూడా మడవడు, నాకు అనుభవమే. కాబట్టి ఏస్ చేతిలో ఉంటే ఫ్లష్‌లని మడిపించొచ్చు అనుకోకు, నువ్వు మడిపించేది సెట్లని, రెండు పెయిర్లని, ఏస్-ఏస్ చేతుల్ని. ఎదుటివాడి దగ్గర అవి ఎక్కువ ఉండే పరిస్థితి కావాలి. మన స్టేక్స్‌లో చాలామంది ఫ్లష్ తగిలితే రివర్‌లో చెక్ చెయ్యడానికి ఆగలేరు, వాళ్ళే ముందు బెట్ కొట్టేస్తారు, అందుకే అక్కడ వాడి చెక్ నాకు సగం సమాధానం ఇచ్చేసింది. అదే వాడే ముందుకొచ్చి బెట్ కొట్టి ఉంటే? ఏస్ ఉన్నా మూసుకుని మడిచేవాణ్ణి. రివర్‌లో ఎదుటివాడి పాట్ బెట్ మీద బ్లఫ్ రైజ్ అనేది మన స్టేక్స్‌లో లేనట్టే అనుకో, దాని గురించి ఇంకేం రాయను.

ఎంతమంది ఉన్నారన్నది ఇంకా పెద్ద సంగతి. నువ్వు హోల్డెమ్ నుంచి వచ్చానన్నావు, అక్కడ ఒక్కొక్కడి చేతిలో రెండు ముక్కల జత ఒకటే. ఇక్కడ 4 ముక్కల్లోంచి రెండు వాడాలంటే 6 జతలు. ఎదురుగా ముగ్గురుంటే 18 జతలు నీ బ్లఫ్‌ని పరీక్షిస్తున్నాయి. ఒక్కొక్కడు 70 శాతం సార్లు మడుస్తాడనే అనుకుందాం, అది మన స్టేక్స్‌కి చాలా ఉదారమైన అంచనా, ఇద్దరుంటే ఇద్దరూ మడిచేది 49 శాతం, ముగ్గురుంటే 34 శాతం. అంటే ఇద్దరి మీదే పాట్ బ్లఫ్ లాభం పోయింది. పైగా చివర కూర్చున్నవాడు ముందువాళ్ళు మడవడం చూసి "సరే నేను చూస్తా" అంటాడు, వాడికి పోలీసు పని అప్పగించినట్టే. నేను ముగ్గురున్న పాట్‌లో రివర్ బ్లఫ్ అసలు కొట్టను అని చెప్పను, కానీ చివరిసారి ఎప్పుడు కొట్టానో గుర్తులేదు.

స్టాక్ కూడా చూసుకో. టర్న్‌కే డబ్బంతా పోయి రివర్‌లో పాట్‌లో మూడో వంతు కూడా మిగల్లేదనుకో, వాడికి 4కి 1 కంటే మంచి రేటు దొరుకుతుంది, వాడు చెత్త పెయిర్‌తో కూడా కాల్ చేస్తాడు, చెయ్యాలి కూడా. రివర్‌లో భయపెట్టాలంటే భయపెట్టేంత డబ్బు మిగిలుండాలి. అందుకే నువ్వు బ్లఫ్ కొట్టే అవకాశం ఉండాలా వద్దా అన్నది చాలావరకు ఫ్లాప్‌లోనే తేలిపోతుంది, ఎంత కొడుతున్నావు, ఎంతమంది మిగిలారు, నీకు పొజిషన్ (వాడి తర్వాత మాట్లాడే వీలు) ఉందా అన్నదాన్ని బట్టి. పొజిషన్ లేకుండా ర్యాప్‌తో మూడు స్ట్రీట్లు కొట్టడం నేను చాలా తగ్గించేశా, ఎందుకంటే రివర్‌లో నేనే ముందు మాట్లాడాలి, వాడి చెక్ అనే సమాచారం నాకు దొరకదు.

ఇక బెట్ ఎంత కొట్టాలి. చాలామంది మధ్యలో ఏదో కొట్టేస్తారు, సగం పాట్, ముప్పావు పాట్, అది నాకు నచ్చదు. ముందు ఎవర్ని మడిపించాలో అనుకో. రెండు పెయిర్లు, సెట్లు మడవాలంటే పాట్ కొట్టు, చిన్న స్టేక్స్‌లో భయపెట్టే ముక్క మీద పూర్తి పాట్ అంటే జనం నిజంగానే భయపడతారు. అదే టర్న్ ఇద్దరూ చెక్ చేసి, రివర్‌లో ఇద్దరి దగ్గరా ఏమీ లేదని నీకు అనిపిస్తే, నీ జాక్ హై వాడి ఏస్ హైకి ఓడిపోతుంది, వాడి చిన్న పెయిర్‌కీ ఓడిపోతుంది, అలాంటప్పుడు మూడో వంతు పాట్ చాలు. వాడు మిస్సయితే 10 కొట్టినా మడుస్తాడు, 30 కొట్టినా మడుస్తాడు, మరి 30 ఎందుకు పెట్టడం. ఈ చిన్న బెట్టు నాకు పెద్ద బ్లఫ్‌లన్నిటికంటే ఎక్కువ సంపాదించి పెట్టిందనే అనుకుంటా, ఎవరూ గొప్పగా చెప్పుకోరు కాబట్టి ఎవరూ నేర్చుకోరు. ఒకటి, రేక్ ఉంటుంది కదా, గెలిచిన పాట్‌లోంచి కొంత పోతుంది, కాబట్టి పైన చెప్పిన శాతాలకంటే కొంచెం ఎక్కువే మడవాలి అనుకో.

మిస్సయిన ఫ్లష్ డ్రాతో ఎప్పుడూ కొట్టకూడదా అని ఎవరైనా అడగొచ్చు. అలా ఏం లేదు, మిగతా రెండు ముక్కలు ఏంటో చూడాలి. ఉదాహరణకి ఆటీన్ ఏస్, ఆటీన్ 5, ఇంకా డైమండ్ 10, కళావరు 10 అనుకో. బోర్డు ఆటీన్ 9, ఆటీన్ 8, కళావరు 2, ఇస్పేటు కింగ్, కళావరు 7. ఫ్లష్ రాలేదు, కానీ 7 పడి స్ట్రెయిట్ పూర్తయింది. జాక్-10 జతలు మామూలుగా 16 ఉంటాయి, నీ దగ్గర రెండు 10లు ఉన్నాయి కాబట్టి 8 మాత్రమే మిగిలాయి. 10-6 కూడా అంతే, 16 నుంచి 8కి. నీ ఆటీన్లు మడిచే చేతుల్ని తగ్గిస్తున్నాయి, నీ 10లు కాల్ చేసే చేతుల్ని తగ్గిస్తున్నాయి, ఒకటి లాగుతుంటే ఇంకోటి తోస్తోంది. 6-5 స్ట్రెయిట్ ఉన్నవాడు ఎలాగూ కాల్ చేస్తాడు, వాణ్ణి వదిలెయ్. మడవడం తెలిసినవాడి మీదైతే నేను కొడతా, తెలియనివాడి మీదైతే చెక్ చేసి ముక్కలు పక్కన పడేస్తా. ఇలాంటి దగ్గర తేల్చేది లెక్క కాదు, ఎదురుగా ఉన్న మనిషి.

మనిషిని ఎలా చూడాలంటే, వీడు లూజా (ఎక్కువ చేతులు ఆడేవాడా) టైటా (తక్కువ ఆడేవాడా) అని కాదు. నేను చూసేది ఒక్కటే, టర్న్‌లోనో రివర్‌లోనో వీడు పెద్ద బెట్‌కి చెయ్యి మడవడం నా కళ్ళతో చూశానా లేదా. ఒకసారైనా "ఛ, సెట్ మడిచేశా" అని చూపించాడా, వీడి మీద కొట్టొచ్చు. గంటన్నర నుంచి కూర్చుని రివర్‌లో ఒక్కసారి కూడా మడవలేదా, వాడి మీద బ్లఫ్ కొట్టను, స్ట్రెయిట్ తగిలినప్పుడు మాత్రం పాట్ కొడతా, ఆ కాల్స్ నుంచే మన సంపాదన అంతా. అప్పుడే పెద్ద పాట్ ఓడిపోయి మొహం ఎర్రగా చేసుకున్నవాడి మీద కూడా వద్దు, వాడు ఎవర్నో పట్టుకోవాలని చూస్తున్నాడు, అది నువ్వు కాకు.

నేను చేసే పని ఒకటుంది, కావాలంటే చేసి చూడు. ప్రతి రివర్ బ్లఫ్ తర్వాత ఒక్క లైన్ రాసుకుంటా: ఏ చేతులు మడుస్తాయని కొట్టాను. "ఆటీన్ పడింది, రెండు పెయిర్లు, సెట్లు" ఇలా. రాయడానికి ఏమీ తట్టకపోతే, ఆ చోట "గెలవడానికి ఇంకో దారి లేదు కాబట్టి" అని రాయాల్సి వస్తే, అది బ్లఫ్ కాదు, ఉక్రోషం. నీ జాక్-10-7-6 చేతికి ఆ లైన్ రాయడానికి ప్రయత్నించు, ఏం రాస్తావో నాకూ చెప్పు. తర్వాత చెయ్యి పెట్టేటప్పుడు వాడు అంతకుముందు ఆ టేబుల్‌లో ఏం మడిచాడో, ఏం కాల్ చేశాడో కూడా రాయి, ఈసారి అది రాయలేదు, అందుకే వాడి గురించి నేను ఊహించి చెప్పాల్సి వచ్చింది.